పాము కరిస్తే ముందు పీహెచ్‌సీకా, నేరుగా ఎంజీఎంకా?

మీరు అడిగింది ఇది: మీది ములుగు జిల్లాలో అడవి లోపలి గూడెం. ఏటూరునాగారం ఇరవై కిలోమీటర్లు, అక్కడి నుంచి వరంగల్ ఇంకో వంద. వానాకాలం వస్తోంది. ఎవరికైనా పాము కరిస్తే దగ్గరి పీహెచ్‌సీకి, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోవాలా, లేక "అక్కడ ఏముండదు, సీదా వరంగల్ ఎంజీఎం పెద్ద దవాఖానకే పోండి" అనేవాళ్ల మాట వినాలా? బయల్దేరే ముందు పసరు కట్టిస్తే నష్టమేంటి?

సూటిగా చెప్తాను. విష విరుగుడు మందు నిల్వ ఉండి, ఆ వేళకు డాక్టర్ ఉండే అతి దగ్గరి సర్కారు దవాఖానకే ముందు పోవాలి. అవసరమైతే అక్కడ మొదటి డోసు ఎక్కించాకే వరంగల్ ప్రయాణం. పసరు, మంత్రం, కోత, కట్టు ఏదీ వద్దు. ఆ దవాఖాన ఏదన్నది పాము కరిచిన రాత్రి వెతుక్కునే సంగతి కాదు. వానలు పడకముందే తెలిసి ఉండాలి. ఈ జవాబులో నేను గట్టిగా చెప్పదలచుకున్నది అదే.

ఎందుకో చూడండి. విషం ఒంట్లో పని చేయడం మొదలుపెట్టాక విరుగుడు మందు ఆపగలిగేది ఇంకా రక్తంలో తిరుగుతున్న విషాన్నే. అప్పటికే నరాల కొసలకు, కిడ్నీకి జరిగిన నష్టాన్ని అది వెనక్కి తేలేదు. నాగుపాము కాటులో కొందరికి అరగంట, గంటలోపే రెప్పలు వాలిపోతాయి, ఆ తర్వాత ఊపిరి తీసుకునే కండరాలు చచ్చుబడతాయి. మీ గూడెం నుంచి వరంగల్‌కు రోడ్డు బాగుండి, బండి వెంటనే దొరికినా మూడు గంటలు. ఏటూరునాగారం, తాడ్వాయి, పస్రా, ములుగు దాటి హన్మకొండ చేరేలోపు దారిలోనే ఊపిరి ఆగితే ఎంజీఎంలో ఎన్ని వెంటిలేటర్లు ఉంటే ఏం లాభం? మందు చేతిలో ఉన్న డాక్టర్‌ను దాటుకుని మందు కోసం వంద కిలోమీటర్లు పోవడం అంటే ఆ మూడు గంటలు విషానికి వదిలేసినట్టే.

మన దగ్గర ప్రాణం తీసే పాములు ముఖ్యంగా నాలుగు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. దేశంలో దొరికే విరుగుడు మందు ఈ నాలుగింటికీ కలిపి తయారు చేసిందే. కాబట్టి ఏ పామో తెలియకపోయినా వైద్యం ఆగదు. పామును వెతకడానికి, చంపి సంచిలో తేవడానికి ఒక్క నిమిషం కూడా పోగొట్టొద్దు. తల తెగిన పాము కూడా కాసేపటి వరకు కరవగలదు, అలా రెండో మనిషి కాటు పడ్డ సందర్భాలున్నాయి. దూరం నుంచి ఫోన్‌లో ఫొటో దొరికితే తీయండి, లేదంటే వదిలేయండి. డాక్టర్ చూసేది మనిషిలోని లక్షణాలను.

ఆ లక్షణాలు మీకూ తెలిసి ఉండాలి. రక్తపింజర, చిన్నపింజర రక్తం గడ్డకట్టే గుణాన్ని దెబ్బతీస్తాయి. కాటు దగ్గర విపరీతమైన నొప్పి, పైకి పాకే వాపు, చిగుళ్ల నుంచి, కాటు గాయం నుంచి ఆగని రక్తం, ఎర్రటి మూత్రం కనిపిస్తాయి. రక్తపింజర కిడ్నీని కూడా పాడు చేస్తుంది, మూత్రం తగ్గిపోతుంది. నాగుపాము కాటులో వాపు, నొప్పితో పాటు రెప్పలు వాలడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం ఉంటాయి.

కట్లపాము సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే జనం ఎక్కువగా మోసపోయేది దీని దగ్గరే. ఇది రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి దాదాపు ఉండదు, వాపు ఉండదు, గాటు సూదిమొనంత. చాలామందికి ఏదో పురుగు కుట్టినట్టు కూడా తెలియదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులతో లేస్తారు. ఇంట్లోవాళ్లు గ్యాస్ అనుకుంటారు, అజీర్తి అనుకుంటారు, ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర గ్యాస్ ఇంజెక్షన్ పడుతుంది. పొద్దెక్కేసరికి రెప్పలు లేవవు. రాత్రి నేల మీద పడుకున్న మనిషి, ముఖ్యంగా పిల్లలు, పొద్దుగాల కడుపునొప్పితో లేచి కళ్లు సరిగా తెరవలేకపోతున్నా, గొంతు మారినా, ఒంటి మీద గాటు కనిపించకపోయినా సరే, కట్లపాము కాటే అనుకుని బయల్దేరండి. ఇందులో లక్షణాలు కొన్ని గంటలు ఆలస్యంగా రావచ్చు. అందుకే పాము కరిచిందని అనుమానం ఉన్న ప్రతి మనిషినీ, చూడ్డానికి బాగున్నా, కనీసం 24 గంటలు దవాఖానలో ఉంచి గమనించాలి.

కరిచిన వెంటనే చేయాల్సింది చాలా కొద్దిగానే ఉంటుంది. మనిషిని కూర్చోబెట్టండి లేదా పడుకోబెట్టండి, నడవనివ్వకండి. కండరం కదిలినకొద్దీ విషం తొందరగా పైకి పోతుంది. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు, మట్టెలు, కడియాలు, వాచీ తీసేయండి. తర్వాత తీయాలంటే కత్తిరించాల్సి వస్తుంది. చెయ్యి గానీ కాలు గానీ విరిగినప్పుడు ఎలా కదలకుండా కడతామో అలా, ఒక కర్రో మడిచిన అట్టముక్కో పెట్టి తువ్వాలతో వదులుగా కట్టండి. ఆ కట్టు కింద వేలు దూరాలి. కాటు వేసిన టైం ఫోన్‌లో రాసుకోండి. వాపు ఎక్కడిదాకా ఉందో పెన్నుతో గీత గీసి పక్కన టైం వేయండి, అరగంటకోసారి కొత్త గీత వేయండి. డాక్టర్‌కు మీ మాటల కన్నా ఆ గీతలే ఎక్కువ చెప్తాయి. వాంతి అవుతుంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మందు, కల్లు, సారా ఏదీ తాగించకండి. మింగడం కష్టంగా ఉన్న మనిషికి నీళ్లు కూడా వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

గట్టిగా తాడు బిగించడం మన దగ్గర ఇంకా చాలా ఎక్కువ. రక్తం ఆగిపోయి ఆ భాగం కుళ్లిపోతుంది, పింజర కాటులో మరీను. ఎవరైనా అప్పటికే బిగించేసి ఉంటే మాత్రం దారిలో విప్పకండి. అక్కడ నిలిచిన విషం ఒక్కసారిగా పైకి ఎక్కి మనిషి పడిపోవచ్చు. దవాఖానలో సెలైన్ పెట్టి, మందు సిద్ధంగా ఉంచుకుని మెల్లగా వదులు చేస్తారు.

ఊళ్లో ఆర్ఎంపీ మంచి మనసుతోనే చేసే రెండు పనులు హాని చేస్తాయి. ఒకటి, టీటీ లేదా నొప్పి ఇంజెక్షన్‌ను పిరుదుకో జబ్బకో వేయడం. పింజర కాటులో రక్తం గడ్డకట్టదు కాబట్టి సూది గుచ్చినచోట కండరంలో రక్తం నిండి పెద్ద గడ్డ అవుతుంది. టీటీ కావాలి, కానీ రక్తం పరీక్ష అయ్యాక, దవాఖానలో. రెండోది, డైక్లోఫినాక్ లాంటి నొప్పి మందులు. అవి రక్తస్రావాన్ని పెంచుతాయి, అప్పటికే దెబ్బతింటున్న కిడ్నీ మీద ఇంకో దెబ్బ వేస్తాయి. నొప్పికి పారాసిటమాల్ చాలు. డెక్సా ఇంజెక్షన్ విషానికి విరుగుడు కాదు. ఆర్ఎంపీ నిజంగా సాయం చేయాలంటే తన బండి తీయాలి, దవాఖానకు ఫోన్ చేయాలి.

బండి విషయం. 108కు ఫోన్ చేసేటప్పుడు ఊరి పేరు, మండలం, మెయిన్ రోడ్డు మీద దగ్గరి గుర్తు, "పాము కాటు, రెప్పలు వాలుతున్నాయి" లాంటి ఒక్క ముక్క చెప్పండి. బండి ఎక్కడి నుంచి బయల్దేరుతోందో అడగండి. అది అరగంట కన్నా దూరంలో ఉంటే ఇంటి దగ్గర ఎదురుచూడకండి. మీ దగ్గరున్న ఆటో, ట్రాలీ, బైకు ఏదైనా తీసి బండికి ఎదురు పోండి, డ్రైవర్ ఫోన్ నంబర్ తీసుకుని దారిలో కలిసే చోటు మాట్లాడుకోండి. బైకు మీద అయితే రోగిని మధ్యలో కూర్చోబెట్టి, వెనక ఇంకొకరు పట్టుకుని కూర్చోవాలి. స్పృహ తప్పేలా ఉన్న మనిషిని ఒక్కరే వెనక ఎక్కించుకుని పోవద్దు.

దారిలో రెండు నిమిషాలకోసారి మాట్లాడిస్తూ ఉండండి. పైకి చూడమనండి, రెప్పలు లేస్తున్నాయా చూడండి. ఒక్క ఊపిరిలో ఎంతదాకా అంకెలు లెక్కపెట్టగలుగుతున్నారో అడగండి. ఇందాక పాతిక దాకా లెక్కపెట్టిన మనిషి ఇప్పుడు పది దగ్గరే ఆగిపోతుంటే ఊపిరి కండరాలు లొంగిపోతున్నట్టు. తలగడ మీది నుంచి తల ఎత్తలేకపోవడం కూడా అదే సూచన. ఊపిరి ఆగితే దవాఖాన చేరేదాకా నోటితో నోట్లోకి ఊపిరి ఊదుతూనే ఉండాలి. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, ఊపిరి మాత్రమే మీరు అందించాలి.

ఇక్కడే ఇంకో మాట. కట్లపాము, నాగుపాము కాటులో పూర్తిగా చచ్చుబడిపోయిన మనిషి కళ్లు తెరవలేడు, వేలు కదపలేడు, కనుపాప వెలుగుకు స్పందించకపోవచ్చు. చనిపోయాడనుకుని వెనక్కి తీసుకుపోతారు. కానీ లోపల మెలకువ ఉండొచ్చు, మీరు మాట్లాడేది వినపడుతుండొచ్చు. వెంటిలేటర్ మీద కొన్ని రోజులుంటే పూర్తిగా లేచి నడిచి ఇంటికి వచ్చేవాళ్లు వీళ్లే. డాక్టర్ చూసి ఈసీజీ తీసి చెప్పేదాకా ఎవరినీ ఇంటికి తిప్పకండి. ఆ మనిషి ముందు ఏడుస్తూ "పోయాడు" అనకండి, ధైర్యం చెప్పండి.

దవాఖానలో ఏం జరగాలి? మీరు డాక్టర్‌తో వాదించడానికి కాదు, జరుగుతున్నది అర్థమవడానికి చెప్తున్నాను.

గాటు కనిపించినంత మాత్రాన మందు ఎక్కించరు. విషం లేని పాములు ఎన్నో ఉన్నాయి, విషపాము కూడా ఒక్కోసారి విషం దించకుండా కరుస్తుంది. మందు గుర్రాల రక్తం నుంచి తీసింది, కొందరికి తీవ్రమైన రియాక్షన్ వస్తుంది కాబట్టి అవసరం లేనివాళ్లకు ఇవ్వకూడదు. రక్తం గడ్డకట్టకపోవడం, ఎక్కడి నుంచైనా రక్తం కారడం, రెప్పలు వాలడం వంటి నరాల లక్షణాలు, కాటు పడిన చెయ్యి లేదా కాలిలో సగం దాటి వేగంగా పాకే వాపు, వీటిలో ఏ ఒక్కటున్నా ఇవ్వాలి. "మందు ఎక్కించలేదు, పట్టించుకోలేదు" అని గొడవపడే ముందు ఇది గుర్తుంచుకోండి. ఎక్కించకపోవచ్చు గానీ గమనించకుండా పంపించడం మాత్రం తప్పు.

రక్తం పరీక్షకు పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. పొడిగా, శుభ్రంగా ఉన్న కొత్త గాజు టెస్ట్ ట్యూబులో నరం నుంచి తీసిన రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి, కదపకుండా సరిగ్గా 20 నిమిషాలు నిలబెట్టాలి. తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టకుండా నీళ్లలా జారితే పింజర విషం పని చేస్తున్నట్టు. ఇది తప్పయ్యేది ఎక్కువగా ట్యూబు వల్లే. ప్లాస్టిక్ ట్యూబులో మామూలు రక్తం కూడా సరిగా గడ్డకట్టదు, సబ్బుతో కడిగిన గాజు ట్యూబుదీ అదే సమస్య. మధ్యలో ఊపి చూసినా చెడిపోతుంది. మొదటిసారి గడ్డకడితే అంతటితో అయిపోలేదు, మొదటి మూడు గంటలు అరగంటకోసారి, తర్వాత గంటకోసారి మళ్లీ చూడాలి. కట్లపాము, నాగుపాము కాటులో ఈ పరీక్ష మామూలుగానే వస్తుంది. రక్తం గడ్డకట్టింది కదా అని రెప్పలు వాలుతున్న మనిషిని ఇంటికి పంపకూడదు.

మందు మోతాదు గురించి కచ్చితంగా తెలిసి ఉండాలి. మొదటి డోసు 8 నుంచి 10 వయల్స్ (చిన్న మందు సీసాలు), సెలైన్‌లో కలిపి నరం ద్వారా సుమారు గంటలో. చిన్నపిల్లలకూ అంతే. పాము పిల్లవాడని తక్కువ విషం దించదు కదా. సెలైన్ మాత్రమే బరువును బట్టి తగ్గిస్తారు. గర్భిణికీ అదే డోసు. ఒక వయల్ దాదాపు 6 మిల్లీగ్రాముల నాగుపాము లేదా రక్తపింజర విషాన్ని, నాలుగున్నర మిల్లీగ్రాముల కట్లపాము లేదా చిన్నపింజర విషాన్ని విరుస్తుంది. రక్తపింజర ఒక్క కాటులో సగటున 60 మిల్లీగ్రాములకు పైగా దించుతుంది. ఇక రెండు వయల్స్ వేసి "మందు ఇచ్చాం, వరంగల్ పోండి" అంటే ఎంత కొరత పడుతుందో లెక్క వేసుకోండి. టెస్ట్ డోసు అక్కర్లేదు, అది రియాక్షన్‌ను ముందే పట్టుకోలేదు. గాటు చుట్టూ మందు గుచ్చడం కూడా పనికిరాదు.

రియాక్షన్ వస్తే దద్దుర్లు, దురద, వణుకు, వాంతులు, ఒక్కోసారి బీపీ పడిపోవడం ఉంటాయి. మందు ఆపి, తొడ కండరంలో అడ్రినలిన్ అర మిల్లీగ్రాము ఇస్తారు, పిల్లలకు బరువును బట్టి. తగ్గాక మళ్లీ మందు మొదలుపెడతారు. కొన్ని చిన్న దవాఖానల్లో మందు ఉండీ పై ఊరికి పంపించేయడానికి అసలు కారణం ఈ రియాక్షన్ భయమే. అడ్రినలిన్, ఆక్సిజన్, అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) పక్కన పెట్టుకున్న డాక్టర్‌కు ఆ భయం అవసరం లేదు. నరాల లక్షణాలుంటే అట్రోపిన్‌తో కలిపి నియోస్టిగ్మిన్ కూడా ఇచ్చి చూస్తారు. నాగుపాము కాటులో బాగా పని చేస్తుంది, కట్లపాము కాటులో అంతగా చేయదు, ఎందుకంటే కట్లపాము విషం నరం కొసనే చెడగొడుతుంది.

పింజర కాటులో మొదటి డోసు తర్వాత ఆరు గంటలకు రక్తం మళ్లీ పరీక్షిస్తారు. లివర్‌కు గడ్డకట్టే పదార్థాలను మళ్లీ తయారు చేయడానికి అంత టైం పడుతుంది. అప్పటికీ గడ్డకట్టకపోతే మరో డోసు.

ఎంజీఎం ఎప్పుడు? ఊపిరి బలహీనపడుతూ వెంటిలేటర్ కావాల్సి వచ్చేలా ఉంటే, మూత్రం తగ్గి డయాలసిస్ అవసరపడితే, రక్తస్రావం డోసు తర్వాత కూడా ఆగకపోతే, కాటు దగ్గర చర్మం నల్లబడి సర్జన్ చూడాల్సి వస్తే పంపించాలి. ములుగులో 2024లో, భూపాలపల్లిలో 2023లో మెడికల్ కాలేజీలు వచ్చాయి కాబట్టి ప్రతి కేసూ వరంగల్ దాకా పోవాల్సిన పని లేదు. దారిలో ములుగు పెద్ద దవాఖానలో ఆ పూట వెంటిలేటర్ ఖాళీ ఉందా అని డాక్టర్‌నే ఫోన్ చేసి కనుక్కోమనండి. ఫోన్ చేయకుండా పంపిస్తే ఒక దవాఖాన నుంచి ఇంకోదానికి తిరగడంలోనే మనిషి పోతాడు.

రిఫరల్ చీటీ లేకుండా బయల్దేరకండి. అందులో కాటు వేసిన టైం, రక్తం పరీక్ష ఏ టైంకు ఎలా వచ్చింది, మందు ఎన్ని వయల్స్ ఎప్పుడు మొదలుపెట్టారు, రియాక్షన్ వచ్చిందా, నియోస్టిగ్మిన్ ఇచ్చారా రాసి ఉండాలి. లేకపోతే అక్కడ డాక్టర్ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. రెప్పలు వాలిన మనిషిని అంబు బ్యాగ్ వాడటం వచ్చిన మనిషి లేని బండిలో పంపకూడదు, 108లో ఉండే టెక్నీషియన్‌కు ఆ శిక్షణ ఉంటుంది. ఆధార్, ఆరోగ్యశ్రీకి పనికొచ్చే రేషన్ కార్డు వెంట పెట్టుకోండి, కానీ వాటి కోసం ఇంట్లో వెతుకుతూ ఆగకండి, వెనక తేవచ్చు. పాముకాటును దవాఖానలో పోలీసులకు తెలిపే కేసుగా నమోదు చేస్తారు, దానికి భయపడొద్దు.

ఇక పసరు, మంత్రం. కరిచిన పాముల్లో చాలావాటికి విషం ఉండదు, విషపాముల కాట్లలో కొన్ని విషం దించనివే. అలాంటివాళ్లు పసరు కట్టినా కట్టకపోయినా బతుకుతారు. ఆ బతికినవాళ్లందరి పుణ్యం పసరు ఖాతాలో పడుతోంది. పసరు వల్ల పోయే అసలు నష్టం టైం. గాటు కోసి పెట్టే మందుల వల్ల చీము పడుతుంది, పింజర కాటులో అయితే ఆ కోత నుంచి రక్తం ఆగదు. అయినా మీ గూడెంలో పెద్దమనిషిని అందరి ముందు తప్పుపట్టకండి, అది పనిచేయదు. జనం మొదట పరుగెత్తేది ఆయన దగ్గరికే కాబట్టి ఆయన్ను మీ వైపు తిప్పుకోండి. "నువ్వు మంత్రం వేయి, కానీ బండిలో కూర్చుని వేయి" అని ఒప్పించిన చోట మనుషులు బతుకుతున్నారు.

వానలకు ముందు చేయాల్సిన పని ఇది, అసలు మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఇద్దరు ముగ్గురు కలిసి మీ పీహెచ్‌సీకి పోయి మెడికల్ ఆఫీసర్‌ను మర్యాదగా ఈ విషయాలు అడగండి: ఇప్పుడు విరుగుడు మందు ఎన్ని వయల్స్ ఉంది, ఎక్స్‌పైరీ ఎప్పుడు? ఇరవై ఉంటే ఒక మనిషికి రెండు డోసులు, ఎనిమిది కన్నా తక్కువైతే ఒక్క డోసు కూడా లేనట్టే. రాత్రి డాక్టర్ ఉంటారా, లేకపోతే నర్సు ఎవరికి ఫోన్ చేస్తుంది? అడ్రినలిన్, నియోస్టిగ్మిన్, అంబు బ్యాగ్, గాజు ట్యూబులు ఉన్నాయా? పల్లె దవాఖానలో (సబ్ సెంటర్‌లో) మందు ఉంటుందనుకుని రాత్రి అక్కడ తలుపు తట్టకండి, దాని పని వేరు. పీహెచ్‌సీలో రాత్రి డాక్టర్ లేరని తేలితే, మీకు రాత్రి దవాఖాన ఏటూరునాగారమే అని రాసిపెట్టుకోండి. పగలు ఒకటి, రాత్రి ఒకటి అయినా పర్వాలేదు, ఊరందరికీ తెలిసి ఉండాలి.

ఫ్రిజ్ చెడిపోయింది కాబట్టి మందు పెట్టలేదు అంటే, పొడి రూపంలో వచ్చే మందుకు టీకాల్లా అంత కచ్చితమైన చలి అక్కర్లేదని, చల్లని గదిలో ఎండ తగలకుండా ఉంచవచ్చని తెలుసుకోండి. ద్రవ రూపంలోని దానికి మాత్రం ఫ్రిజ్ తప్పనిసరి.

మందు నిల్వ తక్కువ ఉండటానికి మనమూ కొంత కారణం. పోయిన ఏడాది ఎంత వాడారన్న లెక్క చూసే పీహెచ్‌సీలు ఈ ఏడాదికి మందు కోరతాయి. కాటు పడ్డవాళ్లంతా ఆర్ఎంపీ దగ్గరికో సీదా వరంగల్‌కో పోతే ఆ పీహెచ్‌సీ రిజిస్టరులో పాముకాట్లు లేనట్టే, మందూ రాదు. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది, అదే ఏడాది నవంబరులో పాముకాటును తప్పనిసరిగా నమోదు చేయాల్సిన జబ్బుల్లో చేర్చాలని రాష్ట్రాలను కోరింది. కాబట్టి విషం ఎక్కని కాటును కూడా పీహెచ్‌సీలో చూపించి రాయించండి. మందు లేదని తేలితే గ్రామసభలో తీర్మానం చేయించి, జిల్లా వైద్యాధికారికి, కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణికి, ఏటూరునాగారం ఐటీడీఏకి (గిరిజనాభివృద్ధి సంస్థకు) ఇవ్వండి. నోటితో చెప్పిన ఫిర్యాదు నిలవదు, తేదీ వేసి రసీదు తీసుకున్న కాగితం నిలుస్తుంది.

పీహెచ్‌సీ, 108, ఆశా, ఏఎన్ఎం, రాత్రిపూట బండి తీసే ఇద్దరి నంబర్లు పంచాయతీ గోడ మీద, కిరాణా కొట్టు తలుపు మీద పెయింటుతో రాయించండి. ఫోన్ సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో ఆ గుట్టో ట్యాంకో కూడా రాయండి. వాగు పొంగితే దారి ఏంటి? 2023 జులైలో జంపన్న వాగు కొండాయిని ముంచినప్పుడు ఆ దారిలో రాకపోకలు ఎలా తెగిపోయాయో మీ అందరికీ తెలుసు. వాగుకు అవతలి ఊళ్లు వరద హెచ్చరిక రాగానే నెలలు నిండిన గర్భిణులను ఇవతలికి తరలించినట్టే, పాముకాటుకు అవతలి ఒడ్డున ఏ దవాఖాన దిక్కో ముందే తేల్చుకోవాలి.

కాటు పడకుండా చూసుకోవడం గురించి కొద్దిగా చెప్తాను, మీకు తెలియనివి కావు. దోమతెరను పరుపు కింద గట్టిగా దోపి పడుకుంటే కట్లపాము లోపలికి రాలేదు. మలేరియా కోసం ఇచ్చిన తెర పాముకూ అడ్డే. మంచం ఉంటే మంచం మీద, లేకపోతే చాప మీద తెరలోనే. పడుకునే గదిలో గింజల బస్తాలు, కోళ్ల గూడు ఉంటే ఎలుకలు వస్తాయి, వాటి వెనక పాము వస్తుంది. ఇప్పపువ్వు ఏరడానికి తెల్లవారకముందే పోయేవాళ్లకు, తునికాకు కోసేవాళ్లకు, రాత్రి మోటరు కాడికి పోయేవాళ్లకు టార్చి, మోకాలి దాకా రబ్బరు బూట్లు కావాలి. మన దగ్గర కాట్లు ఎక్కువ పడేది పాదానికి, చీలమండకే. పత్తి ఏరేటప్పుడు, మక్క చొప్ప కట్టలు ఎత్తేటప్పుడు ముందు కర్రతో కదిపి చెయ్యి పెట్టండి.

చివరగా, బాగై ఇంటికి వచ్చాక ఎవరూ చెప్పని రెండు విషయాలు. మందు ఎక్కించుకున్న వారం నుంచి రెండు వారాల మధ్య కొందరికి జ్వరం, కీళ్ల నొప్పులు, దద్దుర్లు వస్తాయి. అది గుర్రం సీరంకు ఒళ్లు ఇచ్చే స్పందన. విషం తిరగబెట్టిందని పసరు కోసం పరుగెత్తకండి, డిశ్చార్జి కాగితాలు పట్టుకుని దవాఖానకు పోతే మాత్రలతో తగ్గుతుంది. రక్తపింజర కాటు పడినవాళ్లు మాత్రం మూత్రం సరిగా వస్తున్నా వారానికోసారి చొప్పున కనీసం రెండుసార్లు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్త) పరీక్ష చేయించుకోవాలి. మొహం, కాళ్లు ఉబ్బినా, మూత్రం తగ్గినా ఆ వారం కోసం ఆగకుండా అదే రోజు బయల్దేరాలి.